సీసం తర్వాత

చప్పుడు తగ్గిందంటూ వచ్చింది నెరిస్.
అరవై ఒకటి నాటి మోరిస్ మైనర్,
వానకు తడిసిన పలకరాయి రంగు.
లాన్‌ఇడ్లోస్‌లో ఆ రోజూ వానే.
"ఇదివరకు కుట్టుమిషనులా టకటకమనేది,
ఇప్పుడు పిల్లిలా ఉంది. మంచిదే కదా?"

ఎమ్రిస్ మంచిదనలేదు.
చేతులు తుడుచుకుని బానెట్ ఎత్తాడు,
రాకర్ మూత విప్పి
ఫీలర్ గేజ్ రేకు సందులో దూర్చబోయాడు.
దూరలేదు.
అంగుళంలో పన్నెండు వెయ్యోవంతులు ఉండాల్సిన చోట
నాలుగైనా లేవు.

అరిచే యంత్రానికి ఆయుష్షుంటుంది.
నెమ్మదించినదానికే నాడి చూడాలి.

పని నేర్చుకుంటున్న కాడిని దగ్గరికి పిలిచాడు:
"ఎగ్జాస్ట్ వాల్వు నిమిషానికి వెయ్యిసార్లు
ఎర్రగా కాలి వచ్చి పోత ఇనుము మీద కూర్చుంటుంది.
వెనక పెట్రోల్లో సీసం ఉండేది.
అది కాలి, పొరై, ఆ రెంటి నడుమ మెత్తలా పరుచుకునేది.
ఇప్పుడు ఇనుముకి ఇనుమే అతుక్కుంటోంది.
లేచినప్పుడల్లా కాస్త గీరుకుపోతుంది,
కూర్చున్నప్పుడల్లా వెంట్రుకవాసి లోపలికి దిగుతుంది.
సందు పూడితే చప్పుడెక్కడిది?"

"మరి ఇన్నేళ్ళు ఎలా నడిచింది?"

"మొదట జ్ఞాపకంతో.
పాత పూత అరిగేదాకా
సీసమే తాగుతున్నాననుకుంటుంది బండి.
ఆ తర్వాత మందుతో."

సీసం పోయి సీసా వచ్చింది.
ట్యాంకు నింపినప్పుడల్లా ఒక మూతెడు,
దగ్గుమందులా, తప్పకుండా, ఇరవై ఏళ్ళు.
"రెండేళ్ళయింది మానేసి," ఒప్పుకుంది నెరిస్.
"పిల్లలు తెరవకుండా చేశారట ఆ మూత.
నా వేళ్ళకీ తెరుచుకోదు."

టీ చల్లారనిచ్చింది.
డెబ్బై ఎనిమిదిలో బర్మింగ్‌హామ్‌లో ఆమె బడి నర్సు.
బడి, రెండు పెద్దరోడ్లు కలిసే వంతెన పక్కన.
పిల్లల వేళ్ళను సూదితో పొడిచి
సన్నటి గాజుగొట్టంలోకి ఒక్కో చుక్క తీసి
పేరు రాసి పంపేది.
వింటన్ అనే ఏడేళ్ళవాడు ఏడవలేదు, అడిగాడు:
"నా రక్తంలో ఏం వెతుకుతున్నారు?"
"ఏమీ దొరక్కూడదని వెతుకుతున్నా నాన్నా."
దొరికింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళింది
ఈ కారులోనే.
దారిలో ఆగి, ఫోర్ స్టార్
ట్యాంకు నిండా పోయించుకుని.

ఎమ్రిస్ రేకుల్ని ఒక్కొక్కటే మడిచాడు.
కాడి ఎందుకో తన వేలికొన చూసుకుంది.
"ఇనుము అరిగితే అరిగింది," అంది నెరిస్,
"ఇనుమే కదా. మార్చెయ్యి."

రాత్రంతా నాలుగు గట్టి ఉక్కు ఉంగరాలు
ఎమ్రిస్ ఇంటి ఫ్రీజర్లో, బఠాణీల పొట్లం కింద బిగుసుకున్నాయి.
తెల్లారి ఇంజను తల వంటింటి ఓవెన్లోకి వెళ్ళింది,
ఇల్లంతా మాడిన నూనె వాసన,
భార్య ఆ రోజు చెల్లెలింట్లో భోంచేసింది.
కాగి సాగిన గుంటలోకి
గడ్డకట్టి కుంచించుకున్న ఉంగరం
ఒక్క దెబ్బకి దిగింది. టంగ్.
ఇక రెండూ ఒకే వేడికి వచ్చి
ఒకదాన్నొకటి వదలవు.

తెలుగులో సీసం తనంత తాను ముగియదు.
వెనకే ఆటవెలదో తేటగీతో ఉండితీరాలి.
ఈ ముసలి బండికి దక్కింది తేటగీతి:
నాలుగు ఉంగరాలు, నాలుగు పాదాలు,
విషం లేని పెట్రోలు.

తాళం తిప్పింది నెరిస్.
మొదట దగ్గు. పొగ.
ఆ తర్వాత టకటక, టకటక,
రేకు కప్పు మీద వాన చప్పుడుని మించి.
"అబ్బ, గోల," అని నవ్వింది.

వెళ్ళేముందు డిక్కీలోంచి
సగం ఉన్న సీసా తీసి బల్లమీద పెట్టింది.
"ఎవరికైనా పనికొస్తుందేమో చూడు,
ముందు ఆ మూత తీయగలిగితే."